ఏడుకి ఎనిమిది

ఏడుకి ఎనిమిది, పదకొండుకి పన్నెండు, పంతొమ్మిదికి ఇరవై, ఎక్కడైనా జవాబులిలా వస్తాయా, ప్రతి ప్రధాన సంఖ్యకీ ఒకటి కలిపి రాసిపడేసినట్టు, ఇవన్నీ కాకిలెక్కలని నిన్న ముఖం మీదే అనేశాను, మా విభాగంలో గణనలు చేసే ఆయన్ని అందరం బాబాయిగారనే అంటాం, నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద, లెక్కపెట్టకుండా ఎందుకు రాస్తానమ్మా అన్నారు, అంతే, తిరిగి నాలుగు తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది, ఈ బెంచీకి ఒక కాలు పొట్టి, కదిలితే చాలు టకటకమంటోంది, పదకొండింటికి ప్రొఫెసర్ గారు లోపలికి పిలుస్తారు, నేను సంతకం పెట్టిన ఫిర్యాదు ఆ టేబులు మీదే ఉంది, దాంతో బాబాయిగారి ఉద్యోగం సరి.

పోనీ ఒక్క ఏడుకి నేనే చూస్తే పోలా, చీటీ వెనక చోటుంది, మేమంతా బిందువులు లెక్కపెడుతున్న వక్రం పాతదే, వై వర్గం అంటే ఎక్స్ ఘనంలోంచి ఎక్స్ తీసేసినంత, సున్నా నుంచి ఆరు దాకా ఏడే అంకెలు, విలువ పెరిగితే ఏడేసి తీసేయడమే, ఒక్కో ఎక్స్‌కీ ఎన్ని వైలు కుదురుతాయో చూడాలి, సున్నాకి ఒకటి, ఒకటికి ఒకటి, ఆరుకి ఒకటి, రెండుకి ఏమీ లేదు, మూడుకీ లేదు, నాలుగుకి రెండు, ఐదుకి రెండు, మొత్తం ఏడు బిందువులు, అనంతం దగ్గర ఎప్పుడూ ఉండే ఒకదాన్ని కలిపితే ఎనిమిది, అరె, ఎనిమిదే.

టీ తాగుతారా మేడం అంటున్నాడు ప్యూను, వద్దు బాబూ, కాస్త ఆగు, రెండూ ఐదూ కలిస్తే ఏడు, మూడూ నాలుగూ కలిసినా ఏడు, ఏడంటే ఇక్కడ సున్నాయే కదా, అంటే ఐదు రెండుకి మైనస్, ఎక్స్ గుర్తు మారితే కుడిపక్క గుర్తూ మారుతుంది, మైనస్ ఒకటి ఇక్కడ దేనికీ వర్గం కాదు, కనక జతలో ఒకదానికి రెండు దక్కితే రెండోదానికి సున్నా, చిన్నప్పుడు అక్కకీ నాకూ ఒకటే రెయిన్‌కోటు, ఇవాళ తడిసే వంతు నీదే, మూతి ముడవకు అనేది, రోజూ ఇంటికి ఒకళ్ళం పొడిగా ఒకళ్ళం ముద్దగా, ఎంత బాగుంది ఇది, జతకి రెండేసి, అందుకే ఎప్పుడూ ఒకటే ఎక్కువ, మరి నేను చేసిన వాటా సంఖ్యలకి ఇలా రాలేదేం, ఐదుకి ఎనిమిది, పదమూడుకీ ఎనిమిదే, పదిహేడుకి పదహారు, అంతా ఎగుడుదిగుడు.

అయ్యో, నాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలేవి నావి, అక్కడ మైనస్ ఒకటి కూడా వర్గమే, ఈ వంతులు కుదరవు, మూడు మిగిలేవన్నీ ఏరి బాబాయిగారికి పంచింది ఎవరు, నేనే, వేలల్లో ఉన్న సంఖ్యలకి కూడా పాపం ఎన్ని మధ్యాహ్నాలు కూర్చున్నారో, సారు రమ్మంటున్నారు మేడం, వస్తున్నా, సిగ్గేస్తోంది, అయినా చెప్పక తప్పదు, బాబాయిగారు ఒక్కొక్కటీ లెక్కపెట్టారు, లెక్కపెట్టకుండా ఫిర్యాదు రాసింది నేను.