గుమ్మానికి అడ్డంగా

పెద్దాయన కింద పడిన రోజునే కుక్కల సంగతి తేలిపోవాల్సింది. తేలలేదు. మూడు వారాలు నానింది.

పడటమంటే మెట్ల మీంచి దొర్లడం లాంటిదేమీ కాదు. మధ్యాహ్నం నిద్ర లేచి గదిలోంచి బయటికి రాబోయాడు. గుమ్మానికి అడ్డంగా పెద్ద కుక్క, నల్లోడు, పడుకుని ఉన్నాడు. దాటబోతే కాలు తట్టుకుని ముందుగదిలో, కోడలి కుట్టుమిషను పక్కన బోర్లా పడ్డాడు. ఎడమ మణికట్టు దగ్గర ఎముక చిట్లింది.

"ఈసారికి చెయ్యితో పోయింది," అన్నాడు డాక్టరు కట్టు కడుతూ. "మళ్ళీ పడితే తుంటి విరుగుతుంది. ఈ వయసులో తుంటి విరిగితే మంచం దిగడం కష్టం. కుక్కల్ని బయట ఉంచండి."

కొడుకు ఆ మాట పట్టుకున్నాడు. అతను బస్సుల డిపోలో మెకానిక్కు. పొద్దున ఏడింటికి వెళితే చీకటి పడ్డాకే రావడం. ఇల్లు, నాలుగేళ్ళ పాప, రెండు కుక్కలు, నాలుగు నెలల క్రితం భార్య పోయాక రేకు పెట్టె పట్టుకుని వచ్చిన మామగారు, అన్నీ కోడలి చేతిమీదే. ఆమె ముందుగదిలో కూర్చుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టేది.

"ఇల్లు మనుషులకి, పెరడు కుక్కలకి," అన్నాడు కొడుకు. "లోకంలో అందరూ అలాగే ఉంచుతారు."

"లోకం సంగతి నాకెందుకండీ? ఐదేళ్ళుగా మన కాళ్ళ దగ్గర పడుకున్నవి. ఇప్పుడు ఉన్నట్టుండి బయటికి గెంటితే అవి ఏమనుకుంటాయి?"

"కుక్కలు ఏమనుకుంటాయో ఆలోచిస్తావు గానీ, మా నాన్న ఏమవుతాడో ఆలోచించవు."

దాంతో పెరట్లో గూడుకి ఆమె ఒప్పుకుంది. మామగారి కన్నా కుక్కలే ఎక్కువైపోయాయన్న మాట ఏ కోడలు పడుతుంది?

అయినా ఒకటి మాత్రం ఆమెకి మనసులో గుచ్చుకుంటూనే ఉంది. నల్లోడు ఇదివరకు ఎప్పుడూ ఆ గుమ్మంలో పడుకోలేదు. వాడి చోటు మిషను కింద, ఆమె పాదాల పక్కన. ఈ రెండు నెలల నుంచే పెద్దాయన గది ముందుకి మారాడు. పెద్దాయన లేస్తే లేచేవాడు. ఆయన వీధితలుపు వైపు నడిస్తే, ముందుగా వెళ్ళి అడ్డంగా నిలబడేవాడు. మొరిగేవాడు కాదు, పళ్ళు చూపించేవాడూ కాదు. ఊరికే నిలబడేవాడు.

"ఇది కుక్క కాదమ్మాయ్, పైఆఫీసరు," అనేవాడు పెద్దాయన. ఆయన ముప్ఫై ఏళ్ళు రైలు గేటు దగ్గర పనిచేశాడు. "ఎటు కదిలినా అడ్డమొచ్చి కాయితాలు చూపించమంటోంది."

అందరూ నవ్వేవారు. మామయ్యగారంటే వీడికి గిట్టదు కాబోలు అనుకుంది ఆమె.

పక్కసందులో ఉండే వడ్రంగి రెండు రోజుల్లో గూడు కట్టాడు. నేలకి జానెడెత్తున చెక్క అరుగు, పైన రేకు, ముందు ఇనప వల తలుపు, దానికో గడియ. "ఇలాంటి కొంపలో నేనైనా కాపురం పెడతాను చెల్లెమ్మా, మా ఆవిడే ఒప్పుకోదు," అని నవ్వాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని నల్లోణ్ణి పరకాయించి చూశాడు. "వీణ్ణి ఎక్కణ్ణించి తెచ్చారు?"

"గొర్రెలు కాసే ఆయన ఇచ్చాడు అన్నయ్యా. పిల్లప్పుడే."

"అనుకున్నాను. మందని కాసే జాతి ఇది. చిన్నదాంతో ఏ గొడవా ఉండదు, ఎక్కడ పడేస్తే అక్కడ నిద్రపోతుంది. వీడు మాత్రం పని లేకుండా ఉండలేడు. చూసుకోండి మరి."

ఆయన చెప్పినట్టే అయింది. చిన్నది, తెల్లగా బొమ్మలా ఉండే చిట్టిది, రెండో రోజుకే గూట్లో గుర్రుపెట్టింది. నల్లోడు గొంతు బొంగురుపోయేదాకా వారం రోజులు అరిచాడు. ఇరుగుపొరుగు గోడ మీంచి తలలు పెట్టి చూశారు. ఎనిమిదో రోజు నుంచి అరుపు తగ్గింది. ఆమెకి అదే ఎక్కువ భయమేసింది. వాడు వల తలుపు వెనక కూర్చుని, కన్నార్పకుండా ఇంటి వైపే చూసేవాడు. పెట్టిన తిండి సగం అలాగే ఉండేది. ఇంట్లో వీధితలుపు చప్పుడైతే చాలు, లేచి నిలబడి ఒక్కసారి మొరిగేవాడు.

ఆ తర్వాతే ఇంట్లో ఒకటొకటిగా జరగడం మొదలైంది.

ఒక పొద్దున వీధిగేటు బార్లా తెరిచి ఉంది. పెద్దాయన బూట్లకి చీలమండల దాకా తడి బురద. "నేనెక్కడికెళ్ళానమ్మా? ఇప్పుడేగా లేచింది," అన్నాడాయన. అబద్ధమాడే మనిషి ముఖం కాదది. నిజంగానే తెలియని ముఖం.

ఇంకోరోజు కుడుతూ కుడుతూ ముక్కుకి వాసన తగిలి వంటింట్లోకి పరిగెత్తింది. గ్యాసు పొయ్యి తిప్పి ఉంది, మంట లేదు. కిటికీలు తెరిచి, పాపని ఎత్తుకుని పెరట్లో అరగంట కూర్చుంది. నల్లోడు వల మీద కాళ్ళు పెట్టి ఆమె చేతిని నాకాడు.

"నువ్వే మర్చిపోయి ఉంటావు," అన్నాడు మొగుడు.

"పదిహేనేళ్ళుగా వంట చేస్తున్నాను. ఏనాడైనా మర్చిపోయానా?"

"పని ఎక్కువైంది కదా."

ఆమె నిజంగానే తనని తాను అనుమానించుకోవడం మొదలుపెట్టింది. పొయ్యి కట్టేశాక వెనక్కొచ్చి మళ్ళీ చూసేది. మర్నాటికి గుడ్డముక్కల మూటలోంచి ఎర్ర గుడ్డ కనపడలేదు. వెతికి వెతికి వదిలేసింది. ఆ సాయంత్రం పాపకి తల దువ్వుతుంటే పాపే అంది:

"అమ్మా, తాతయ్య నాకు డ్యూటీ నేర్పిస్తున్నాడు."

"ఏం డ్యూటీ తల్లీ?"

"బండి వస్తే నిలబడాలి. భయపడకూడదు. తాతయ్య చెయ్యి చూపిస్తే బండి ఆగిపోతుందంట."

దువ్వెన ఆమె చేతిలోనే ఆగింది. వీధి చివర, మిల్లు గోడ అవతలే రైలు పట్టాలు. వంతెన కట్టాక అక్కడి గేటు మూసేశారు. కాపలావాడి గది ఒకటి తలుపుల్లేకుండా మిగిలిపోయింది. బండి పోతుంటే వంటింట్లో గిన్నెలు చిన్నగా మోగుతాయి.

ఆ రాత్రి ఆమె సూటిగానే అడిగింది. "అత్తయ్యగారు పగలు కూడా తలుపులకి తాళం వేసేవారని మీరే ఓసారి అన్నారు. ఎందుకండీ?"

అతను నీళ్ళు నమిలాడు. "దొంగల భయం."

"మామయ్యగారికి ఏదో అవుతోంది. డాక్టరుకి చూపిద్దాం."

"వచ్చే నెల చూద్దాం. ఈ నెల సెలవు దొరకదు."

"పోనీ నల్లోణ్ణయినా లోపలికి తెద్దాం."

"మళ్ళీ పడతాడు! ఎన్నిసార్లు చెప్పాలి?" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదని ఊపిరిని బట్టి ఆమెకి తెలుస్తూనే ఉంది.

తొమ్మిది రోజుల తర్వాత, మబ్బు పట్టిన మధ్యాహ్నం. సాయంత్రానికల్లా నలభై చొక్కాలకి కాలర్లు కుట్టి ఇవ్వాలి. పాప తాతయ్య గదిలో నిద్రపోతోంది, పక్కన ఆయనా కునుకు తీస్తున్నాడు. రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చింది. తర్వాత కాసేపు పెరట్లో ఉతికిన బట్టలు ఆరేసి, తిరిగొచ్చి మిషను మీద కూర్చుంది. నల్లోడు మొరగడం మొదలుపెట్టాడు. వినీ వినీ అలవాటైన అరుపు. కాలు ఆపకుండా తొక్కుతూనే ఉంది. అరుపు మారింది. వలకి ఏదో ధడేల్మని కొట్టుకుంటున్న చప్పుడు. మళ్ళీ. మళ్ళీ.

దారం తెగి మిషను ఆగింది. అప్పుడు తెలిసింది, పక్కగదిలోంచి ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ రావడం లేదని.

మంచం ఖాళీగా ఉంది. పాప చెప్పులు లేవు. వీధితలుపు తెరిచి ఉంది.

వీధిలోకి పరిగెత్తాల్సింది పోయి ఆమె పెరట్లోకి పరిగెత్తింది. ఎందుకని తర్వాత ఎంతమంది అడిగినా ఆమె చెప్పలేకపోయింది. గడియ లాగింది. వల తలుపు పూర్తిగా తెరుచుకోకముందే నల్లోడు సందులోంచి దూసుకొచ్చి, ఆమెని గోడకి నెట్టేసి, ఇంట్లోంచి అడ్డంగా వీధిలోకి పోయాడు. వెనకాలే చిట్టిది. ఆ వెనక ఆమె, చెప్పుల్లేకుండా, మెడలో కొలత టేపు వేలాడుతూ.

వీధి అంత పొడవని ఆమెకి ఎప్పుడూ తెలియదు. మిల్లు గోడకి కన్నం పడిన చోట ఇటుకల మీంచి దూకింది. అవతల గడ్డి, కంకర, పాడుబడ్డ గది. దాని ముందు, పట్టాలకి రెండడుగుల దూరంలో మామగారు నిటారుగా నిలబడి ఉన్నాడు. కట్టు కట్టిన చేత్తో పాపని చంకనెత్తుకున్నాడు. కుడిచేతిలో ఎర్ర గుడ్డ. బండి కూత వినిపించింది. ఆయన ఒక అడుగు ముందుకేశాడు.

ఆమె అరిచింది. అరుస్తూనే కంకర మీద పరిగెత్తింది.

నల్లోడు మొరగలేదు, కరవలేదు. ఆయనకీ పట్టాలకీ మధ్యకి దూరి, ఒళ్ళంతా అడ్డం పెట్టి, మోకాళ్ళని వెనక్కి నెట్టాడు. దారి తప్పిన గొర్రెని మందలోకి నెట్టినట్టు. "పో! డ్యూటీలో ఉన్నాను! పోతావా లేదా!" అని ఆయన కాలితో తన్నాడు. వాడు మూలిగాడు, కదల్లేదు. మళ్ళీ నెట్టాడు. ఆయన కాలు కంకరలో జారి, పాపతో సహా వెనక్కి గడ్డిలో పడ్డాడు. మరుక్షణం బండి గాలంతా వాళ్ళ మీద కుమ్మరిస్తూ పోయింది. ఆమె వెళ్ళి ముగ్గురి మీదా పడింది. పెట్టెలన్నీ పోయేదాకా ఎవర్నీ లేవనివ్వలేదు.

పాపకి మోకాలు గీరుకుంది. నల్లోడికి ఒక పక్కటెముక విరిగింది. మామగారు చేతిలోని గుడ్డ వైపు చూసి, కోడలి వైపు చూసి, "బండి ఆగలేదేమమ్మాయ్?" అన్నాడు అమాయకంగా.

చిట్టిది మాత్రం ఆ కూతకి బెదిరి పట్టాలు దాటి అవతలి పొదల్లోకి పరిగెత్తింది. ఆ సాయంత్రం వెతికారు. వారమంతా వెతికారు. వడ్రంగి సైకిలేసుకుని వంతెన అవతలి వీధులన్నీ తిరిగాడు. దొరకలేదు. రోజూ "చిట్టిదేదీ?" అని పాప అడుగుతూనే ఉంది.

కబురు తెలిసి మొగుడు డిపో నుంచి గ్రీజు చేతుల్తోనే వచ్చాడు. పాపని ఒళ్ళో పెట్టుకుని పెరటి మెట్ల మీద కూర్చున్నాడు. ఆమె ఎదురుగా నిలబడింది.

"మీకు తెలుసు," అంది.

అతను తలెత్తలేదు. "అమ్మ చెప్పింది. రెండుసార్లు అలాగే వెళ్ళాడట. ఒకసారి గార్డు పట్టుకుని ఇంటికి తెచ్చాడట. అందుకే తాళం వేసేది. చనిపోయే ముందు నా చెయ్యి పట్టుకుని, ఒంటరిగా వదలకురా అంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తీసుకురానివ్వవేమోనని."

ఆమె ఏడవలేదు. "తీసుకొచ్చేదాన్ని," అంది. "తలుపుకి తాళం వేసుకుని కుట్టుకునేదాన్ని. పాపని ఆయన పక్కన పడుకోబెట్టేదాన్ని కాదు. గోటితో పోయేది గొడ్డలి దాకా తెచ్చారు. నేను మతి లేనిదాన్నని నాచేతే అనిపించారు. ఇక మీద ఈ ఇంట్లో ఎవరు లోపల, ఎవరు బయట అన్నది నేను చెబుతాను."

మర్నాడు అతను సెలవు పెట్టి తండ్రిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. జబ్బుకి పేరుంది, మందుంది, నయం కావడం లేదని చెప్పారు. అతను రాత్రి షిఫ్టుకి మారాడు, పగలు ఒకరైనా ఇంట్లో కళ్ళు తెరుచుకుని ఉండాలని. మొగుడూపెళ్ళాల మధ్య మాటలు మామూలు కావడానికి చాలా నెలలు పట్టింది. కొన్ని మాటలు ఇప్పటికీ మామూలు కాలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజు పొద్దున పెద్దాయన ముఖం తేటగా ఉంది. కాఫీ గ్లాసు అందుకుంటూ, "అమ్మాయ్, నిజం చెప్పు. నేను పాపని ఎక్కడికైనా తీసుకెళ్ళానా?" అన్నాడు.

అబద్ధం చెబుదామనే అనుకుంది. నోరు రాలేదు. "తీసుకెళ్ళారు మామయ్యగారూ."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అయితే ఆ నల్లోణ్ణి నా గదిలోనే పడుకోబెట్టు. నేను తిట్టినా సరే. బయటికి గెంటమని నేనే గొడవ చేసినా సరే, నా మాట వినకు. విన్నావా?"

"విన్నాను."

సాయంత్రానికి ఆ మాట ఆయనకి గుర్తులేదు. గదిలో కుక్క కంపు కొడుతోందని, ఈ ఇంట్లో తన మాటకి విలువే లేదని కేకలేశాడు. చేతికర్ర విసిరాడు. పక్కటెముక మీద కట్టుతో నల్లోడు నెమ్మదిగా లేచి, రెండడుగులు పక్కకి జరిగి, మళ్ళీ గుమ్మంలోనే పడుకున్నాడు. పాప వంటింటి తలుపు చాటునుంచి తాతయ్యనే చూస్తోంది. ఆమె వెళ్ళి పాప చెయ్యి పట్టుకుంది.