విమానానికి చెప్పులు

గమ్ము ట్యూబు ఒక్కసారి వాడుకోవడానికే పుడుతుంది. ఆ సంగతి దాని మీద రాయరు, అంతే. మొదటిసారి ఒక్క చుక్క పిండి, మూత బిగించి, ఎవరూ ముట్టుకోవద్దని ఇంటిల్లిపాదికీ చెప్పి దాచినా సరే, రెండోసారి కావలసొచ్చేసరికి రాయై కూర్చుంటుంది. పోనీ పూర్తిగా పాడైందా అంటే అదీ లేదు. పళ్ళతో మూత పీకామంటే పెదవికి మాత్రం శుభ్రంగా అతుక్కుంటుంది.

ఆదివారం పొద్దున వంటింటి బల్ల దగ్గర అద్దాలాయన ఆ అవస్థలోనే ఉన్నాడు. కింది పెదవి తోలు కాస్త ఊడింది. ట్యూబు ముక్కులో గుచ్చిన గుండుసూది అందులోనే ఇరుక్కుపోయింది. బల్ల మీద రిమోట్‌తో ఎగిరే బొమ్మ విమానం వెల్లకిలా పడుంది. రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి బల్లంత పొడుగు. పక్కనే రెండు తెల్లటి ఫ్లోట్లు. చక్రాలు పీకేసి ఇవి బిగిస్తే విమానం నీళ్ళ మీద తేలుతుంది, పరిగెడుతుంది, అన్నీ సరిగ్గా కుదిరితే పైకి లేస్తుంది. ఆయన కళ్ళకి అవి రెండు చిన్న పడవలు. ఆయన భార్య కళ్ళకి వేరేగా కనిపించాయి.

"విమానానికి చెప్పులా?"

"ఫ్లోట్లు."

"ఎక్కడివండీ ఆ థర్మోకోల్?"

ఆయన గుండుసూది లాగుతూ ఉండిపోయాడు.

"ఫ్రిజ్‌దేనా?"

ఫ్రిజ్‌తో వచ్చిన థర్మోకోల్ని, అట్టపెట్టెనీ ఆవిడ అటక మీద దాచింది. ఇల్లు మారినప్పుడు మళ్ళీ అందులోనే పెట్టి జాగ్రత్తగా పంపొచ్చని. ఉన్నది సొంతిల్లు. మారే ఉద్దేశం ఎవరికీ లేదు. ఆ ఫ్రిజ్ పాడైతే అమ్మేసి రెండోది కొని కూడా చాలా కాలమైంది. రెండోదాని థర్మోకోల్ కూడా అటక మీదే ఉంది.

"పాత ఫ్రిజ్‌దేలే," అన్నాడు.

"పాతదైతే మాత్రం? అదెంత మంచి థర్మోకోల్! ఇప్పుడు అలాంటిది వస్తోందా?"

వస్తోందో లేదో ఆయనకి తెలీదు. కళ్ళజోళ్ళ షాపులో వెనక గదిలో కూర్చుని, గుండ్రటి గాజుల్ని ఫ్రేము ఆకారానికి అరగదీసి బిగించడం ఆయన పని. అందుకే అద్దాలాయన. ముందు గదిలో జనం ఉన్న కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, పవర్ లేని కొత్త ఫ్రేము పెట్టుకుని, అద్దంలో తమ మొహం తమకే ఆనకుండా "ఇది నాకు భలే నప్పింది" అంటారు. గాజులు బిగించి ఇచ్చాక మొదటిసారి చూసుకుని "నేను తీసుకున్నది ఇది కాదు" అంటారు. ఆయన ఉద్యోగంలో చేరిన రోజు విన్న మాట ఇదే. నిన్న సాయంత్రం విన్నదీ ఇదే.

అక్షరాల చార్టు గోడకి వేలాడదీసింది కూడా ఆయనే. కింది వరసదాకా కంఠతా వచ్చు. కాబట్టి కళ్ళు ఎప్పుడు పరీక్షించుకున్నా ఆయనకి నూటికి నూరే. ఈ ధైర్యంతో చాలా ఏళ్ళు గడిపాడు. పోయిన ఏడాది నుంచి మాత్రం, ఆకాశంలోకి చూస్తే సరిగ్గా చూసిన చోటే మసక. తడి వేలితో రుద్దినట్టు. చుట్టూ అంతా బాగానే ఉంటుంది, మధ్యలో విమానమే ఉండదు. షాపు మూశాక ఉన్న గాజులన్నీ ఒకటొకటిగా కంటికి పెట్టుకుని చూశాడు. ఏ గాజూ విమానాన్ని వెనక్కి తేలేదు. దగ్గర పని వేలికొసలే చేసుకుపోతున్నాయి కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఏడాదికోసారి కళ్ళు చూపించుకోండని బోర్డు పెట్టిన షాపులో ఏ మొహం పెట్టుకుని చెప్తాడు?

ముఖ్యంగా బావకి చెప్పలేదు.

బావంటే అక్క మొగుడు. సిమెంటు కొట్టులో గుమాస్తా. అక్కకి పెళ్ళయిన కొత్తలో మొదలైంది ఇద్దరికీ ఈ ఆదివారాల పిచ్చి. విమానం తయారుచేసేదీ, రిమోట్ పట్టుకునేదీ అద్దాలాయన. దాన్ని మోసుకెళ్ళి గాల్లోకి విసిరేది బావ. ఒక్కసారి రిమోట్ బావ చేతికిస్తే చెట్టుకి గుచ్చాడు. మళ్ళీ ముట్టుకోనని చెట్టు కిందే ఒట్టేశాడు. విసిరేశాక బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. అలాంటి మనిషికి ఈ ఏడాదే నోరు లేచింది.

"ఎడమకి పోతోందిరోయ్. ఆ, తిరిగింది, ముక్కు మన వైపు. కాస్త పైకెత్తు, తీగలున్నాయి."

"రిమోట్ నా చేతిలో ఉందా, నీ నోట్లో ఉందా బావా?"

"నోటికి బ్యాటరీ ఖర్చు లేదు కదరా!"

విసుక్కుంటూనే అద్దాలాయన వేళ్ళు ఆ మాట వెంబడి తిరిగేవి. బావకి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయిన ఆదివారం, విమానం మైదానం దాటెళ్ళి ఒకావిడ మేడ మీద ఆరేసిన దుప్పట్లో పడింది. "రిమోట్లో బ్యాటరీ అయిపోయుంటుంది" అని బావ పెన్నుతో చేతి మీద రాసి చూపించాడు. దుప్పటి ఉతికిస్తేగానీ విమానం ఇవ్వనందావిడ. బావే ఉతికాడు. పక్కవారం మైదానం గేటుకి తాళం.

గొంతు వచ్చీ రాగానే బావ అన్న మొదటి మాట, "క్వారీ గుంటకి పోదాం. నీళ్ళ మీద ఎవరు దుప్పట్లు ఆరేస్తారు?"

రెండోది, "నీళ్ళ మీంచి లేస్తుంటే కాళ్ళకి నీళ్ళు కారుతూ ఉంటాయటరా. అదొక్కసారి చూడాలి."

అదీ చిక్కు. లేస్తే ఆయన నడపలేడు. నడపలేనంటే ఆదివారం లేదు. ఆదివారం లేకపోతే బావా తనూ పెళ్ళిళ్ళలో కలుసుకుని "ఆరోగ్యం ఎలా ఉంది?" అని పలకరించుకునే చుట్టాలవుతారు.

ఫ్లోటు అడుగున మధ్యలో చిన్న మెట్టు ఉంటుంది. విమానాన్ని రెక్కల కింద రెండు వేళ్ళ మీద నిలబెడితే ముందుకీ వెనక్కీ వాలని చోటు ఒకటుంటుంది. ఫ్లోటు మెట్టు ఆ చోటుకి రవ్వంత వెనకగా రావాలి. అప్పుడే పరుగులో ముక్కెత్తి లేస్తుంది. మెట్టు మరీ వెనక్కి జరిగితే ముక్కు లేవదు. మోటారు ఎంత అరిచినా పడవలా పరిగెడుతూనే ఉంటుంది. శనివారం ఆయన విమానం పొట్టకి సరైన చోటే చిల్లులు వేశాడు. కాసేపు చూశాడు. వాటిని లప్పంతో పూడ్చేసి, రెండు వేళ్ళు వెనక్కి మళ్ళీ వేశాడు.

ఇప్పుడు ఆ వెనక చిల్లుల్లోకి తీగలు దూర్చి, ఫ్లోట్లు బిగించి, ఎట్టకేలకు బయటికొచ్చిన గమ్ము చుక్క పెట్టాడు.

"చెల్లెమ్మా, టీ!" అంటూ బావ వచ్చేశాడు. జేబులోంచి ఊదని బుడగ తీశాడు. విమానం లోపల, రిమోట్ మాట అందుకునే రేడియో డబ్బా తడవకుండా తొడగడానికి.

"చూశారా అన్నయ్యా, నా థర్మోకోల్‌తో విమానానికి చెప్పులు కుట్టారు మీ బామ్మర్ది."

"బాగున్నాయమ్మా. జారకుండా వెనక పట్టీ కూడా పెట్టాల్సింది."

'వెనక' అన్న మాటకి అద్దాలాయన తలెత్తి చూశాడు. బావ టీ ఊదుకుంటున్నాడు.

గుంట దగ్గర బావ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి నీళ్ళలోకి దిగాడు. "వదుల్తున్నా!" అని వదిలాడు. విమానం నీళ్ళు చిమ్ముకుంటూ పరిగెత్తింది. నీటి మీద గీత పడుతుంది కాబట్టి ఎక్కడుందో అద్దాలాయనకి తెలుస్తోంది. ఏడాది తర్వాత మొదటిసారి, ఎవరూ చెప్పకుండా మలుపు తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. సున్నా చుట్టాడు. తనకి తెలీకుండానే పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నాడు.

"లేవట్లేదేంట్రా?" బావ అరిచాడు.

"ఏమో మరి!"

ఒడ్డుకొచ్చిన విమానాన్ని బావ తిరగేసి నీళ్ళు వంపాడు. ఒక్క బొమ్మ విమానంలో అన్ని నీళ్ళు పడతాయా అన్నంతసేపు వంపాడు.

"గాలి లేదురా ఇవాళ," అన్నాడు చివరికి. ఒడ్డున చెట్ల ఆకులు టపటపా కొట్టుకుంటున్నాయి. "ఏం పర్లేదు, ఇలాగే బాగుంది. ఇంకో సున్నా చుట్టు."

బ్యాటరీ అయిపోయేదాకా చుట్టాడు.

ఇంటికొచ్చేటప్పుడు అద్దాలాయన విమానాన్ని ఒళ్ళో పెట్టుకుని బావ స్కూటర్ వెనక కూర్చున్నాడు. దారంతా బావ ఏదో కూనిరాగం తీశాడు. అది వింటూ ఈయన ఒక నిర్ణయానికొచ్చాడు. వచ్చే ఆదివారం చెప్పేస్తాడు. కళ్ళ సంగతి, చిల్లుల సంగతి రెండూ. చెప్పేసి ఫ్లోట్లు ముందరి చిల్లులకి బిగిస్తాడు. విమానం ఎగిరి ఎక్కడ పడితే అక్కడ పడనీ, బావ ఒక్కసారి చూస్తాడు.

గురువారం మధ్యాహ్నం సిమెంటు కొట్టులో బావ కుర్చీలోనే పోయాడు. టీ తెచ్చినతను కునుకు తీస్తున్నాడనుకుని గ్లాసు పక్కన పెట్టి, "చల్లారిపోతుందండీ" అని రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక అక్క గోడకి ఆనుకుని కూర్చుంది. చాలాసేపటికి అడిగింది.

"ఒరేయ్, ఆ చిల్లు సంగతేంట్రా?"

"ఏ చిల్లక్కా?"

"ఆదివారం భోంచేస్తూ ఒకటే నవ్వు మీ బావ. 'మీ తమ్ముడు చిల్లు వెనక్కేశాడే, నేను చూళ్ళేదనుకుంటున్నాడు' అని. అడక్కపోయారా అన్నాను. 'అడిగితే ముందుకి మారుస్తాడు. పైకి లేస్తే వాడికి కనపడదు. నా గొంతు ఎప్పుడూ బాగుంటుందా ఏంటి?' అన్నారు. నాకేం అర్థం కాలేదు."

"గమ్ము సరిగ్గా అంటుకోలేదక్కా," అన్నాడు అద్దాలాయన.

ఇదీ సంగతి. ఇంతదాకా చదివారు కాబట్టి మీరే ఒక దారి చూపించాలి. ఫ్లోట్లు ముందుకి మారిస్తే విమానం లేస్తుంది, కానీ కాళ్ళకి నీళ్ళు కారడం చూస్తానన్నవాడు లేడు, ఎడమో కుడో చెప్పేవాడూ లేడు. మార్చకపోతే అది జన్మంతా పడవే. ఆయన్ని అడిగితే కొత్త గమ్ము ట్యూబు కొనాలంటాడు, కొనడు. ఆవిడేమో, వాడనప్పుడు నా థర్మోకోల్ నాకివ్వండి, అటక మీద పెట్టుకుంటానంటోంది. తెలిసినవాళ్ళు ఎవరైనా కాస్త సలహా చెప్పండి బాబూ, మీకు పుణ్యముంటుంది. ఎందుకంటే ముందు చిల్లులు మళ్ళీ తెరవాలంటే ఆ లప్పం తవ్వాలి. రెండో ఫ్రిజ్ మీద చెప్పులేసుకుని కూర్చున్న ఆ విమానాన్ని తిరగేస్తే, గుంట నీళ్ళకి నాని మళ్ళీ ఎండిన లప్పం మీద, వేలితో తడిమితే తెలిసేటంత లోతుగా, బావ బొటనవేలి ముద్ర ఉంది.