దాచని నుదురు

ఆమె పిల్లల గౌన్లు కుట్టే దర్జీ. మంచి పనిమంతురాలని పేరు. కానీ కొన్నేళ్లుగా కుట్టిన గౌను గడప దాటడమే గగనమైపోయింది. ఏ అతుకులోనో సూది ముక్క విరిగి ఉండిపోయిందని, అది ఏ పసిబిడ్డ ఒంట్లోనో దిగుతుందని భయం. లేదని తనకూ తెలుసు. తెలిసీ విప్పేది, తడిమేది, మళ్లీ కుట్టేది, మళ్లీ విప్పేది. చివరికి బట్ట పీలికలయ్యేది. వేళ్ల కొసలు పుండ్లు పడ్డాయి. సొంత కూతుర్ని కూడా ఒళ్లోకి రానివ్వడం మానేసింది.

డాక్టర్లు ఓసీడీ అన్నారు, వదలని భయంతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మనసు జబ్బు. మాత్రలు మార్చి మార్చి చూశారు. భయం వేసినా తడమకుండా ఓర్చుకోవడం నేర్పించారు. ఏదీ పట్టలేదు. చివరికి పెద్దాసుపత్రిలో ఇంకో దారి చెప్పారు: పుర్రె తెరవకుండా, బయటి నుంచే సన్నని గామా కిరణాలను మెదడులో ఒక చిన్న చోట కలిసేలా పంపి, భయాన్ని తిప్పి తిప్పి తెచ్చే నరాల దారిని తెంచడం. అందరికీ పనిచేయదనీ, చేసినా నెలలు పడుతుందనీ, కీడూ జరగవచ్చనీ దాచకుండా చెప్పారు.

భర్త నీ ఇష్టమన్నాడు. అన్నయ్య మాత్రం ఇంటికొచ్చి గొడవకు దిగాడు. రేపు మమ్మల్నే మరిచిపోతే ఏం గతి అన్నాడు.

"కొరివితో తల గోక్కుంటానంటావేంటే?"

"ఇన్నేళ్లుగా గోక్కుంటూనే ఉన్నా కదా అన్నయ్యా. ఈసారి ఆ కొరివి పట్టుకోవడం తెలిసినవాళ్లకిస్తున్నా, అంతే."

ఆసుపత్రిలో ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, ఎవరి బలవంతమైనా ఉందా అని అడిగారు. ఉంది, వద్దని బలవంతం చేస్తున్నారు అని చెప్పి, సంతకం పెట్టింది.

తలకు మత్తు సూదులు పొడిచి, అది కదలకుండా నుదుటి మీద స్క్రూలతో చట్రం బిగించారు. వాడిన సూదులు నర్సు ఎక్కడ పడేసిందోనని ప్రాణం కొట్టుకుంది. అడగకుండా పళ్లు బిగబట్టింది. మెలకువతోనే గంటలకొద్దీ యంత్రంలో పడుకుంది.

స్క్రూల గాయాలు మానకముందే బంధువుల పెళ్లి వచ్చింది. నుదుటి మీదికి జుట్టు దువ్వుకోమని అన్నయ్య కబురు పెట్టాడు. ఆమె జుట్టంతా వెనక్కి లాగి ముడేసుకుని వెళ్లింది.

"ఎక్కడైనా పడ్డావా అమ్మా?" అని అడిగింది పిన్ని.

"లేదు పిన్నీ. నాకు మనసు జబ్బు. తలకు వైద్యం చేయించుకున్నా."

చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆమె తల దించుకోలేదు. ఆ పని అన్నయ్య చేశాడు.

ఆ వారమే మళ్లీ రెండు గౌన్లు విప్పేసింది. నేను చెప్పలేదా అన్నాడు అన్నయ్య. ఆమె ఓర్చుకోవడం నేర్పే డాక్టరు దగ్గరికే తిరిగి వెళ్లింది. నెలలు గడిచాక భయం వస్తూనే ఉంది గానీ, గుండెల మీద కూర్చోవడం మానింది. ఒకసారి తడిమి, గౌను మడిచి ఇచ్చేయగలుగుతోంది. అన్నీ కాదు. చాలావరకు.

ఒక సాయంత్రం, ఎన్నాళ్లుగానో దగ్గరికి రానివ్వని కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. పిల్ల బిగుసుకుపోయి, "నీ బట్టల్లో సూది ఉందేమో చూసుకోమ్మా" అంది.

"ఉంటే ఉండనీ" అంది ఆమె, ఇంకా దగ్గరికి హత్తుకుంటూ.