రెండో గోడ

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. నాన్న ఐదో తరగతితో ఆపేసి, ముప్పయ్యేళ్లుగా లేత్ మీద ఇనుము చెక్కుతున్నాడు. ఖర్మ కొద్దీ నాకు డిజైన్ ఇంజనీరు ఉద్యోగం కూడా ఆయన పనిచేసే వర్క్‌షాపులోనే దొరికింది. ఇంట్లో "ఒసేయ్" అనే మనిషి అక్కడ "మేడమ్" అంటాడు. అందులో గౌరవం పావు వంతు, వెటకారం ముప్పావు.

ఆ రోజుతో నా ఆరు నెలల ప్రొబేషన్ ముగుస్తుంది. మేనేజరు సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది, లేదంటే ఇంటికే. ఆ ఉదయమే నా మొదటి డ్రాయింగు నాన్న చేతికి వెళ్లింది. కన్వేయర్ తిప్పే షాఫ్ట్. బయటి వ్యాసం తొంభై మిల్లీమీటర్లు, బరువు తగ్గాలని మధ్యలో బోరు, అంటే పొడుగునా బోలుగా తొలిచే రంధ్రం. మెలితిప్పే బలాన్ని తట్టుకోవాలంటే గోడ మందం తొమ్మిది ఉండాలని నాలుగు పేజీల లెక్క చేసి తేల్చాను. వ్యాసాల నాలుగో ఘాతాల్లో కూడా తప్పు రాలేదు.

పదకొండింటికి లేత్ ఆగింది.

"మేడమ్, గోడేమో తొమ్మిదన్నారు, బోరేమో ఎనభై ఒకటన్నారు."

"అవును. తొంభైలోంచి తొమ్మిది పోతే ఎనభై ఒకటేగా?"

"ఇటు పక్క గోడ సరే. అటు పక్క గాలి పెట్టమంటారా?"

అప్పుడు వెలిగింది నాకు. గోడ రెండు పక్కలా ఉంటుంది. తొమ్మిది రెండుసార్లు తీసేస్తే బోరు డెబ్బై రెండు. నేను రాసినట్టు తొలిస్తే గోడ నాలుగున్నరే మిగిలి, షాఫ్ట్ తడిబట్టలా మెలితిరిగేది.

"ఎంతదాకా తొలిచావ్ నాన్నా?"

"డెబ్బై దగ్గర ఆపా, షాఫ్ట్ పాడవలేదు. లేత్ ఎందుకాపావని మేనేజరు అడిగితే, కాగితం మీద నూనె పడి అంకె కనబడలేదని చెప్పేయనా?"

"వద్దు. నేనే చెప్తా."

మేనేజరు అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు. "నాలుగో ఘాతాలొచ్చు, తీసివేత రాదా? నిన్నెలా పర్మనెంట్ చేయమంటావమ్మా? తప్పెవరిది?"

"నాదే సార్. కాకపోతే, డ్రాయింగు కింద 'పరిశీలించాను' అన్న గడిలో సంతకం మీది."

ఆయన కళ్లజోడు పెట్టుకుని తన సంతకాన్ని చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత నా ఉద్యోగం కాగితం లాక్కుని, చదవకుండానే సంతకం గీకాడు. ఆ అలవాటు ఇంకా పోలేదు.

కింద నాన్న అడిగాడు: "ఏమన్నారు మేడమ్?"

"పర్మనెంట్."

"మంచిది." చేతులు తుడుచుకుని పెన్సిల్ అందించాడు. "ముందు ఆ ఎనభై ఒకటి కొట్టెయ్యవే."