ఉన్నవాళ్ళు పలకాలి

మా మామగారు ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రీడింగ్ రాసుకున్న మనిషి. రిటైరయ్యాక ఆయన చూసుకోవడానికి ఒక్క మీటరే మిగిలింది, మాది. వీధిలోవాళ్ళు ఆయన్ని యూనిట్ల తాత అనేవారు. ఆయన మొహం మీదే అనేవారు. ఆయనకు కోపం వచ్చేది కాదు.

ఫ్రిజ్‌ను గోడకు జానెడు దూరం జరిపించారు. దాని తలుపు సందులో కాగితం ముక్క పెట్టి లాగి చూసేవారు. సులువుగా జారి వస్తే రబ్బరు మార్పించాల్సిందే. ఇస్త్రీ వారానికి ఒక్కరోజే. ఆఖరి రెండు జేబురుమాళ్ళు ప్లగ్గు పీకేశాక మిగిలిన వేడితో అయిపోవాలి. టీవీకి ఎర్ర చుక్క వెలుగుతూ కనిపిస్తే ఆయనకు కాలూ చెయ్యీ ఆడేది కాదు. "అది పని చెయ్యని చుట్టం. కూర్చుని తింటుంది" అనేవారు.

ఇవన్నీ నేను తొందరగానే నేర్చుకున్నాను. అలవాటు కావడానికి రోజులు పట్టింది ఒక్కదానికే.

మా ఇంట్లో స్విచ్ బోర్డులన్నీ గుమ్మం పక్కన, లోపలి గోడకు ఉంటాయి. ఆయన గదిలోకి తొంగి చూసేవారు కాదు. బయట నిలబడి చెయ్యి మాత్రం లోపలికి పెట్టేవారు. పొట్టి వేళ్ళు, మణికట్టు చుట్టూ వాచీ పట్టీ మిగిల్చిన తెల్లటి గీత. ఆ చెయ్యి స్విచ్ మీద ఒక్క క్షణం ఆగేది. లోపల మనిషి ఉంటే "ఉన్నాను" అనాలి. "సరే" అని చెయ్యి వెళ్ళిపోయేది. పలకకపోతే చీకటే.

ఒకరి బదులు ఇంకొకరు పలకడానికి వీల్లేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి అత్తయ్య నోట్లో పిన్నులు పెట్టుకుని తల దువ్వుకుంటుంటే, నేను వరండాలోంచి "అత్తయ్య ఉన్నారు మామయ్యా" అన్నాను. లైటు ఆరిపోయింది.

"ఉన్నవాళ్ళు పలకాలమ్మా. నువ్వు చెప్తే నాకేం తెలుస్తుంది?"

"నలభై ఏళ్ళ నుంచీ ఉన్నాను. ఇంకా అనుమానమేనా మీకు?" అంది అత్తయ్య చీకట్లోంచి, పిన్నులు తీసి.

ఎండలు ముదరకముందే ఒక మధ్యాహ్నం మామగారు వెనక గదిలో తన కుర్చీలో కూర్చునే పోయారు. ఆ రోజు నుంచి అత్తయ్య మాట్లాడలేదు. ఏడవనూ లేదు. కర్టెన్లు వేసిన తన గదిలో మంచం మీద గోడవైపు తిరిగి కూర్చునేది. రెండు చెంచాలు తిని పళ్ళెం పక్కకు జరిపేది. డాక్టరు వచ్చి బరువు చూశాడు.

"జబ్బేం లేదు. కానీ ఇంకో వారం ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చి గొట్టంతో తిండి ఎక్కించాలి. ఈ వయసులో అలా చేరినవాళ్ళలో చాలామంది తిరిగిరారు" అన్నాడు మా ఆయనతో, గొంతు తగ్గించి.

ఆ రోజుల్లోనే బాత్రూం లైటు ఆర్పడం మరిచిపోయి వెనక్కి వెళ్ళాను. ఆర్పేసి ఉంది. మా ఆయన అనుకున్నాను. ఆయన నేననుకున్నాడట. కరెంటు బిల్లు వచ్చింది. మామగారు ఉన్నప్పటికంటే తక్కువ.

"భలేదానివే, నాన్నని మించిపోయావు" అన్నాడు.

"నేను ఆపడం లేదండీ."

"నేనూ ఆపడం లేదు" అని నవ్వబోయి మానేశాడు. తర్వాత ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు సామాన్ల గదిలో లైటు వేసి, బయట దానికి ఎదురుగా బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. నాలుగో చీర మడతపెడుతుండగా టక్‌మంది. లైటు పోయింది. స్విచ్ ఆఫ్ అయి ఉంది. గుమ్మంలో ఎవరూ లేరు.

సాయంత్రం వంటింట్లో పాలు కాస్తుంటే నా వెనక, గుమ్మం దగ్గర ఎవరో ఆగినట్టు అనిపించింది. తిరిగి చూడలేదు. "ఉన్నాను" అన్నాను. లైటు వెలుగుతూనే ఉంది.

అక్కడికి నాకు భయం పోయింది. పెద్దాయన పని పెద్దాయన చేసుకుంటున్నారు, అంతే అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత అత్తయ్యకు పాలు తీసుకెళ్ళేసరికి గది చీకటిగా ఉంది. ఫ్యాను రెక్కలు ఆఖరి చుట్టు తిరుగుతున్నాయి. అత్తయ్య ఎప్పటిలాగే గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. స్విచ్‌లు వేశాను. మర్నాడు ఇంకాస్త పెందలాడే ఆగిపోయాయి. ఆ మర్నాడు పొద్దున్నే.

ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పాడు.

"ఈ స్విచ్ కొత్త పెళ్ళికొడుకులా ఉందమ్మా. దీనికేం రోగం లేదు. ఎవరో ఆర్పుతున్నారు."

"ఎవరు?"

"మీ ఇంట్లోవాళ్ళని నన్నడిగితే ఎలా?" అని బోర్డు బిగించి వెళ్ళిపోయాడు.

అతను వీధి మలుపు తిరక్కముందే టక్‌మని ఫ్యాను మళ్ళీ ఆగింది. నేను గుమ్మంలోనే ఉన్నాను.

"అత్తయ్య ఉన్నారు మామయ్యా" అని మళ్ళీ స్విచ్ వేశాను. నా వేలు ఇంకా దాని మీద ఉండగానే, వేలి కింద నుంచి అది ఆఫ్ అయింది.

పలకని మనిషి ఆయన లెక్కలో లేనట్టే. ముప్పై ఏళ్ళలో ఒక్క రీడింగూ తప్పు రాయలేదని ఆయన చెప్పుకునేవారు.

వెళ్ళి అత్తయ్య పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"అత్తయ్యా, ఈ గదిలో ఎవరూ లేరనుకుంటున్నారు మామయ్య."

ఆవిడ కదల్లేదు.

"నేను చెప్తే వినరు. మీకు తెలుసుగా."

లేచి లైటూ ఫ్యానూ వేసి వచ్చి కూర్చున్నాను. గుమ్మం దగ్గర ఆ ఆగడం మొదలైంది. ఈసారి ఎక్కువసేపు ఆగింది. అత్తయ్య తల మెల్లగా గుమ్మంవైపు తిరిగింది. ఎండిపోయిన పెదాలు విడివడి, మళ్ళీ మూసుకుని, మళ్ళీ విడివడ్డాయి.

"ఉన్నాను."

గొంతు తుప్పుపట్టిన గడియలా ఉంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"మీరున్నారా?" అంది.

ఇద్దరం చెవులు రిక్కించాం. గుమ్మం దగ్గర ఉన్నదేదో లేకుండా పోయింది.

"కాస్త టీ పెట్టమ్మా" అంది అత్తయ్య. అప్పుడు ఏడ్చింది.

వారం తిరిగేసరికి వంటింట్లోకి వచ్చి నా టీకి వంకలు పెట్టడం మొదలుపెట్టింది. ఇంట్లో స్విచ్‌లు వాటంతటవి ఆగడం మానేశాయి. తర్వాతి బిల్లు పెరిగింది. లైట్లు ఎవరు వదిలేస్తున్నారని మా ఆయన విసుక్కున్నాడు. ఇక ఆ పని నాదే అనుకున్నాను.

నిన్న పొద్దుగూకే వేళ ఇల్లంతా చూసుకుంటూ వస్తుంటే వెనక గదిలో లైటు వెలుగుతోంది. మామగారి కుర్చీ ఉన్న గది అది. అందులోకి మేమెవరం వెళ్ళడం లేదు. బయట నిలబడి చెయ్యి లోపలికి పెట్టాను. స్విచ్ మీద వేలు ఆనించి, ఈ ఇంటి అలవాటు కొద్దీ, ఒక్క క్షణం ఆగాను.

"ఉన్నాను" అన్నారు లోపలి నుంచి.

నా చెయ్యి అక్కడే ఉండిపోయింది. వెనక హాల్లో అత్తయ్య కుర్చీ కిర్రుమంది. విన్నట్టుంది.

"ఆ ఒక్కటీ ఉండనీయమ్మా" అంది.

"సరే" అని చెయ్యి తీసేశాను.