ఇందులో పొగేదీ?

నా పీపా మంచిదని నాకు తెలుసు. ఈ మాట పొగరుగా వినిపిస్తే వినిపించనీ. పన్నెండేళ్ళ కిందట, విస్కీ బట్టీలో చేరిన కొత్తలో, నా చేతులతో నింపిన పీపా అది. సముద్రం ఒడ్డునున్న గోదాములో దాన్ని పసిబిడ్డలా కనిపెట్టుకున్నాను. దాని వాసన నిద్రలో కూడా పోల్చుకోగలను. ముందు ఘాటుగా, బార్లీ ఆరబెట్టేటప్పుడు దానికి పట్టిన పీట్ గడ్డల పొగ, దాని వెనక ఉప్పూ, ఆస్పత్రి నేల తుడిచే మందు వాసనా, అన్నిటికీ అడుగున ఎక్కడో తేనె.

కానీ నాకు తెలిస్తే చాలదు, గిలెస్పీ మామయ్యకు తెలియాలి. ఆయన మా అమ్మకు తమ్ముడు. బట్టీలో ప్రతి పీపా రుచీ చూసి తీర్పు చెప్పేది ఆయనే. ఊఁ అన్నాడంటే పీపా మా బట్టీ పేరుతో విడిగా సీసాల్లోకి వెళుతుంది. ఉహూఁ అన్నాడంటే లారీ ఎక్కి, పడవెక్కి, గ్లాస్గోలో ఎవరెవరి సరుకులోనో కలిసి పేరూ ఊరూ లేకుండా పోతుంది. మేనకోడలినని చూసీ చూడనట్టు వదిలే మనిషి కాదాయన. ఆ రోజు లారీ అప్పటికే వాకిట్లో ఉంది.

రుచిగదిలో మామయ్య కుర్చీని పొయ్యి దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. గ్లాసులో ముక్కు పెట్టాడు. రెండు చుక్కలు నీళ్ళు వేసి మళ్ళీ పెట్టాడు. ఒక గుక్క నోట్లో తిప్పి మింగాడు.

"తేనె ఉంది. ఉప్పుంది. అంతా బానే ఉంది గానీ, ఇందులో పొగేదీ?"

"పొగేదీ అంటావేంటి మామయ్యా? జలుబు గానీ చేసిందా?"

"నా ముక్కుకే వంక పెడతావుటే ఇష్బెల్? నువ్వు పుట్టకముందు నుంచీ పొగ పీలుస్తున్న ముక్కిది! ఎక్కించెయ్ లారీ."

ఒళ్ళు మండిపోయింది. ఇంకో మాటంటే నోరు జారుతానని గ్లాసు లాక్కుని వాకిట్లోకి వచ్చేశాను. ఏడుపొచ్చింది కూడా. సముద్రం మీంచి చినుకులతో గాలి కొడుతోంది. ఎందుకో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పొగ గుప్పుమని తలకెక్కింది.

వెనక్కి తిరిగి రుచిగది వైపు చూశాను. గొట్టంలోంచి నీలంగా పొగ వస్తోంది. ఆ పొయ్యిలో మండేవీ పీట్ గడ్డలే, బార్లీ ఆరబెట్టడానికి మేం రాజేసేవీ అవే. మా ఐలా దీవిలో ప్రతి ఇంట్లోనూ బురదనేల కోసి తెచ్చి ఎండేసిన ఆ గడ్డలే మండుతాయి కనుక మాకెవరికీ ఆ వాసన స్పృహే లేదు. నిరుటి దాకా రుచి చూడడమంటే గోదాములోనే, తలుపులు బార్లా తీసి, చలికి వణుకుతూ. మామయ్య మోకాళ్ళ నొప్పులు చూసి ఈ మధ్యే ఆ గది కట్టించారు. పొగలో కూర్చుని పొగేదీ అంటున్నాడు మహానుభావుడు!

"మామయ్యా, లే. బయటికి రా."

"వానొస్తోందే పిల్లా!"

"వస్తావా, దీన్ని నీ నెత్తిన పొయ్యనా?"

గొణుక్కుంటూ వచ్చాడు. వాసన చూసి మొహం చిట్లించాడు. "ఏమో. కొంచెం ఉన్నట్టుంది."

"ఆ స్వెటర్ విప్పు."

"ఏంటీ?"

"దాని నిండా పొయ్యి వాసనే. విప్పు మామయ్యా!"

లారీలోంచి డ్రైవర్ ఫిన్లే తల బయటికి పెట్టాడు. "విప్పెయ్యండి గిలెస్పీ గారూ! ఇక్కడ మిమ్మల్ని చూసి మోజుపడేవాళ్ళెవరూ లేరులెండి!"

ఫిన్లేనీ, నన్నూ, వాననీ కలిపి తిట్టి మామయ్య స్వెటర్ విప్పాడు. బనీనుతో గాలికెదురుగా నిలబడి గ్లాసు ఎత్తాడు. చాలాసేపు వాసన చూశాడు. తర్వాత ఒక్క గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు.

"ఉందే. గొంతు దిగినా పోవట్లేదు. దీన్ని మన పేరుతోనే సీసాల్లో పట్టించు," అన్నాడు.

"చెప్పానా!" అని గంతేశాను. ఆ క్షణంలో నా అంత గొప్పది ఈ దీవిలో లేదనిపించింది. కానీ మామయ్య నా వైపు చూడడం లేదు. లారీ మీద వరసగా కట్టి ఉన్న పీపాల వైపు చూస్తున్నాడు. ఆ చలికాలమంతా ఆయన వద్దన్నవి అవి.

"ఒరే ఫిన్లే, పీపాలు దించు."

"ఇష్బెల్ గారిది ఇంకా ఎక్కించనే లేదు కదండీ?"

"దానిది కాదురా. పైనున్నవి."

"ఏది దించమంటారు?"

"అన్నీ. అన్నిటినీ ఆ పొయ్యి పక్కన కూర్చునే కాదన్నాను."

"పడవ వెళ్ళిపోద్దండీ!"

"పోనీరా."

ఆయన గొంతు అంత నెమ్మదిగా పలకడం నేనెప్పుడూ వినలేదు. మనసు చివుక్కుమని స్వెటర్ అందించబోయాను. చేత్తో పక్కకి తోసేశాడు.

"అలా నిలబడతావేంటే? గ్లాసులు పట్రా," అన్నాడు.