పాయను జల్లించిన జల్లెడ

నేను ఒక పిండి జల్లెడను. నేనేమిటన్న దాని మీదే ఈ ఇంట్లో మూడు రోజులు గొడవ నడిచింది కాబట్టి ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

"నోట్లో పెట్టుకునే పిండి జల్లించేదాంతో ఏటి కుళ్లు జల్లిస్తావేంటే?" అనేది అత్త ధనకొండ.

"కడిగే కదత్తా పెట్టాను. నువ్వు కడిగినప్పటికంటే తళతళలాడతంది," అనేది కోడలు వీరవేణి.

ఈ రెండు మాటలూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వంటింట్లో ఎదురుపడేవి. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

నన్ను చేసినవాడు సంత పక్కన కూర్చునే రేకుపనివాడు. పాత నూనెడబ్బా రేకును గుండ్రంగా వంచి, అడుగున ఇత్తడి వల బిగించాడు. డబ్బా మీది నెమలి బొమ్మలో తోక మాత్రమే నా వంతుకు వచ్చింది. పద్నాలుగేళ్ల కిందట ధనకొండ నన్ను తీర్థంలో కొని, పడవెక్కించి, గోదావరి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గరి ఈ ఊరికి తెచ్చింది. అప్పటినుంచీ పిండిని కిందికి వదిలి, నూకను పైన ఆపడం నా ఉద్యోగం.

వీరవేణి ఉద్యోగమూ దాదాపు అదే. కాలేజీ వాళ్లు పాయ ఆరోగ్యం ఎలా ఉందో చూస్తున్నారు. వాళ్లకోసం ఆమె ఒండ్రు జల్లించి, పైన మిగిలిన పురుగుల్నీ గుల్లల్నీ వేరుచేసి ఇస్తుంది. అంతకుముందు అత్తతో కలిసి గుల్లలు ఏరి అమ్మేది. రెండేళ్లుగా, వాళ్లు ఏరే ఎగువ పాయలో గుల్లలు దొరకడం లేదు. ఇక్కడి ఆడవాళ్లు బురదలో దిగి అరికాలితో గుల్లల్ని వెతుకుతారు. ధనకొండ దృష్టిలో కరువుకు కారణం ఒక్కటే, కోడలి అరికాలు. ఆ కాలికేమీ తగలదనీ, అందుకే మట్టి జల్లించే పని వెతుక్కుందనీ ఊరంతా చెప్పింది.

పోయిన సోమవారం కాలేజీ వాళ్ల జల్లెడ పాయలో కొట్టుకుపోయింది. దాని కన్నాలూ నా కన్నాలూ ఒకే సైజు. దాంతో వీరవేణి నన్ను పాయకు తీసుకెళ్లసాగింది; నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

"జల్లెడ దడి దాటడానికి వీల్లేదు," అని ధనకొండ తేల్చేసింది. వీరవేణి పాయనే దడి లోపలికి తెచ్చింది. రెండు బకెట్ల ఒండ్రు. ఒకటి మొగ దగ్గరిది, రెండోది ఎగువన రొయ్యల చెరువుల నీళ్లు పడేచోటిది.

ఆ సరికి ఆమె మొగుడు కొండబాబు పలుగూ పారా కడుగుతున్నాడు. ధనకొండ పేరున ఉన్న పొలంలో అతనూ రొయ్యల చెరువు తవ్వించాడు. దాని మురుగు పాయలోకి పోవడానికి మర్నాడు కాలవ తీయాలి.

"ఇప్పటికే పాయ బాగాలేదు. వద్దని చెప్పానా లేదా?" అంది వీరవేణి.

"బాగోపోడమేంటి? మొగ కాడ పన్నెండు రకాల పురుగులు, చెరువుల కాడా పన్నెండే అని నువ్వే అన్నావు కదా."

వీరవేణి మొగ ఒండ్రును నాలో వేసి నీళ్లు పోసింది. అరచేయి నిండే గుల్లలు మిగిలాయి, జానెడు పురుగులు మిగిలాయి. వాటిని పళ్లెంలోకి తీసి రెండో బకెట్ వంచింది. ఈసారి మిగిలినవి ఎర్రదారాల్లాంటి పురుగులు, మెంతిగింజలంత గుల్లలు. బోలెడన్ని ఉన్నాయి. పాత పిండి సంగతి వదిలేస్తే, నాలో అన్నేసి ఒక్కసారిగా కదలడం అదే మొదలు.

"ఎన్ని రకాలని కాదు చూసేది," అంది వీరవేణి. "ఎంత పెరుగుద్ది, ఎన్నాళ్లు బతుకుద్ది, ఏం తింటది, ఎంత లోతున ఉంటది, అదీ చూసేది. ఇయ్యన్నీ నాలుగు వారాల బతుకువి. పైపైన ఉండి కుళ్లు తింటాయి. లోతుకెళ్లి బొరియలు చేసి ఒండ్రుకి గాలి ఆడించేది ఒక్కటీ లేదు."

"అంటే ఇంటినిండా జనమే గానీ పని చేసేవోళ్లు లేరన్నమాట," అన్నాడు మామ గంగయ్య, వల బాగుచేసుకుంటూ. ధనకొండ ఆయన వైపు చూసింది. ఆయన తల వలలోకి దించేశాడు.

ధనకొండ నాలో వేలు పెట్టి అటూ ఇటూ కదిపింది.

"మోకాల్లోతున ఉండే గుల్ల ఏదే?"

"లేదత్తా."

"నీకు తగల్లేదేమో."

"నువ్వే ఎల్లి చూడు."

మర్నాడు పొద్దున్నే ధనకొండ నన్ను చంకలో పెట్టుకుని దడి దాటింది. తన ఆజ్ఞ తనకు వర్తిస్తుందని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. చెరువుల నీళ్లు పడేచోట మోకాలిదాకా దిగి, ముప్పై ఏళ్లు గుల్లలు ఏరిన అరికాలితో చాలాసేపు వెతికింది. మూడు చోట్ల తవ్వి నాలో పోసింది. కాటుకలాంటి ఒండ్రు, కుళ్లిన గుడ్ల వాసన, ఆ ఎర్రదారాలు. అంతే. ఆవిడ నీళ్లలో నిలబడి తన కాళ్ల వైపు చూసుకుంది.

ఇంటికొచ్చి నన్ను కడిగి, వంటింటి మేకుకు కాకుండా వీరవేణి బకెట్ల పైనున్న మేకుకు తగిలించింది. మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నాక, చారు వడ్డిస్తూ, ఎవరి వైపూ చూడకుండా అంది:

"కాలవ తవ్వట్లేదు. నా పొలంలో చెరువుండదు. గుల్లలు ఏమయ్యాయని ఊళ్లో ఎవరైనా అడిగితే, పిల్ల కాళ్లలో తప్పేం లేదని చెప్పండి. పిండి నేను పక్కింటి జల్లెడతో జల్లించుకుంటాను."

కొండబాబు ఏదో అనబోయాడు. ఆవిడ అతని కంచంలో ఇంకో గరిటె చారు పోసింది.